పెద్దనాయిన రొయ్యల చెరువు

ఆ రోజుల్లో మా శామీర్‌పేట చుట్టుపక్కల అందరి పొలాలూ ప్లాట్లు అవుతుంటే, మా పెద్దనాయిన పొలం ఒక్కటే సముద్రం అయింది. దానికి కారణం నేనే. ఇంకా సరిగ్గా చెప్పాలంటే నా బీఎస్సీ. మా ఇంట్లో జంతుశాస్త్రం చదివిన మనిషిని నేనొక్కదాన్నే. ఆ చదువులో రొయ్యతో నాకున్న పరిచయం ఒక్క పూటది: ప్రాక్టికల్ పరీక్షలో రొయ్యను కోసి, దాని కాళ్ళూ మీసాలూ ఊడదీసి, అట్టమీద వరసగా అంటించి పేర్లు రాశాను. పదికి తొమ్మిది మార్కులు వచ్చాయి. (పదో మార్కు ఎందుకు పోయిందో అప్పుడే ఆలోచించి ఉంటే ఈ కథ ఉండేది కాదు.) చచ్చిన రొయ్యను విడదీయడం తెలిసిన మనిషికి బతికున్న రొయ్యను పెంచడం ఎంతసేపు అని మా పెద్దనాయిన అనుకున్నాడు. నేను కూడా అలాగే అనుకున్నాను, అదీ అసలు సిగ్గుచేటు.

పెద్దనాయినకి రెండెకరాల ద్రాక్షతోట ఉండేది. తీగలు ఎండిపోయి, వాటిని మోసిన రాతి కడీలు మాత్రం మిగిలాయి. మా నాయిన, చిన్నాయిన ఇద్దరూ తమ వాటాలు అప్పటికే ప్లాట్లు వేసే వెంచర్‌కి ఇచ్చేశారు. ఈ రెండెకరాలు కూడా కలిస్తే వెంచర్‌కి రోడ్డు కలుస్తుందని చిన్నాయిన పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చి పోరుపెట్టేవాడు. సరిగ్గా అప్పుడే మేడ్చల్‌లో పురుగుమందుల దుకాణంలో ఎవరో పెద్దనాయిన చెవిన వేశారు: కోస్తాలో కొత్తరకం రొయ్య వచ్చిందట, వరిచేలన్నీ చెరువులు అయిపోతున్నాయట, లారీలకు లారీలు ఓడలెక్కి విదేశాలకు పోతున్నాయట, ఆ రొయ్యకు ఉప్పు కొంచెమున్నా చాలట. ఆ మర్నాడే ఆయన కొంపల్లి మాల్‌కి పోయి, ఐసు మీద పడుకోబెట్టిన రొయ్యల్నీ, వాటి ముందు వరసలో నిలబడ్డ జనాన్నీ కళ్ళారా చూసి వచ్చాడు.

"బిడ్డా, నువ్వు సదివింది గిదే కదా?" అని అడిగాడు.

"గిదే పెద్దనాయినా" అన్నాను, ఒక్క క్షణం కూడా ఆగకుండా.

నాయిన, చిన్నాయినలతో ఒప్పందం కుదిరింది. ఒక్క పంట చూస్తాం. పంట వస్తే పొలం జోలికి ఎవరూ రావద్దు. రాకపోతే పెద్దనాయిన మారుమాట్లాడకుండా సంతకం పెట్టాలి. చిన్నాయినకి మా మీద ఎంత నమ్మకమంటే, ఆ వారంలోనే ట్రాక్టర్ నిండా హద్దురాళ్ళు తెచ్చి పొలం మూల దింపించాడు.

అర ఎకరంలో చెరువు తవ్వించి, అడుగున ప్లాస్టిక్ పట్టా పరిచాం. ఉప్పు బస్తాల కోసం పోతే కిరాణా సేటు కళ్ళు పెద్దవి చేసి, "గింత ఉప్పా! ఏం తొక్కు పెడుతున్రే, జిల్లా మొత్తానికా?" అన్నాడు. కోస్తా నుంచి రొయ్యపిల్లలు గాలి నింపిన ప్లాస్టిక్ సంచుల్లో వచ్చాయి. ఊరంతా చూడ్డానికి వచ్చింది. మా అవ్వ ఒక సంచిని ఎండకెత్తి పట్టుకుని, కన్ను చికిలించి చాలాసేపు చూసి, "ఓ పిల్లా, గీ వెంట్రుక ముక్కల కోసమానే మీ పెద్దనాయిన పొలం పందెం వెట్టి కూసున్నడు? నీ సదువు సల్లగుండ!" అంది. నేను అవ్వకి రొయ్య కాళ్ళ పేర్లన్నీ చెప్పబోయాను. ఆమె అప్పటికే ఇంటిదారి పట్టింది.

రొయ్యల సాగులో ఒక పద్ధతి ఉంది. రొయ్యలు అడుగున ఉంటాయి, కనబడవు. అందుకని ఒక ట్రేలో కొంచెం దాణా వేసి నీళ్ళలోకి దించాలి. రెండు గంటల తర్వాత పైకి లాగి చూడాలి. దాణా మిగిలితే వాటికి ఆకలి లేదు, తగ్గించాలి. ఖాళీ అయితే హుషారుగా ఉన్నాయి, పెంచాలి. మా ట్రే మొదటి నెలలో సగం ఖాళీ అయ్యేది. రెండో నెల నుంచి నాకి పెట్టినట్టు ఖాళీ అయ్యేది. నా ఆనందానికి హద్దులేదు. దాణా పెంచాను, మళ్ళీ పెంచాను. చూడ్డానికి వచ్చినవాళ్ళకి గట్టు మీద నిలబడి ఉపన్యాసాలు ఇచ్చాను. "ఆకలే ఆరోగ్యం" అని ఒక మాట కూడా కనిపెట్టి వాడేదాన్ని. (ఇప్పటికీ ఎవరైనా గుర్తుచేస్తే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.)

నేను చేసిన ఘనకార్యం ఒకటి ఇక్కడ చెప్పాలి. ఎండకి నీళ్ళు తగ్గితే మా పొలానికి పైనున్న కుంట నుంచి పైపుతో వదులుకునేవాళ్ళం. పైపు మూతికి సన్నటి జాలీ కట్టాలని నేను తెచ్చుకున్న రొయ్యల సాగు పుస్తకంలో ఉంది. నేను మా ఇంటి దోమతెర చింపి కట్టాను. అది నాచు పట్టి మాటిమాటికీ పూడుకుపోయేది. నీళ్ళు జల్దీ రావాలి కదా అని, రెండ్రోజులకని తీసేశాను. ఆ రెండ్రోజులు రెండు నెలలయ్యాయి. చిన్నపాటి కుంటే కదా, అందులోంచి ఏం వస్తాయిలే అనుకున్నాను.

పుస్తకం ప్రకారం వారానికోసారి విసురువల వేసి రొయ్యల్ని తూచాలి. నేను విసిరితే వల నా మీదే పడింది. పెద్దనాయిన నవ్వి, వల విడిపించి, "నువ్వు దాణా సంగతి జూస్కో, వల సంగతి నేను జూస్త" అన్నాడు. మూడో నెల నుంచి ఆయనా వేయడం మానేశాడు. అడిగితే, "బెదురుతయ్ బిడ్డా, ఊకో" అనేవాడు. రొయ్యల మీద ఆయనకి అంత ప్రేమ పుట్టిందని నేను మురిసిపోయాను.

అయిదో నెల నిండాక పంట పట్టే రోజు వచ్చింది. నాయిన, చిన్నాయిన కుర్చీలు వేయించుకుని గట్టు మీద కూర్చున్నారు. చిన్నాయిన వెంట వెంచర్ మనిషి కూడా కాగితాల సంచీతో వచ్చాడు. శామీర్‌పేట రోడ్డు మీద చేపలమ్మే చాచాని పెద్దనాయిన ముందే పిలిపించాడు. నలుగురు మనుషులు వల లాగారు. వల దగ్గరికి వస్తుంటే నేను గట్టు అంచుకి పోయి వంగి చూశాను. మొదట ఒక రొయ్య ఎగిరింది. "అగో!" అని అరిచాను. తర్వాత ఇంకొకటి. ఆ తర్వాత రొయ్యలు లేవు. మొత్తం ఏరితే పదకొండు. అర ఎకరం చెరువులో, నా బీఎస్సీ మొత్తానికి, పదకొండు రొయ్యలు!

చిన్నాయిన లేచి, కాగితాల కోసం వెంచర్ మనిషి వైపు చేయి చాపాడు. నాకు ఏడుపు ఆగలేదు. పెద్దనాయిన పొలం నా చేతులమీదుగా పోయిందనుకున్నాను. అంతలో వల అడుగు నుంచి దభీమని చప్పుడయింది. బురద ఎగిరి వెంచర్ మనిషి తెల్లచొక్కా మీద పడింది. మోచేతి పొడుగు కొర్రమట్ట (కోస్తాలో కొరమీను అంటారు)! దాని వెనక ఇంకోటి, ఇంకా పది, ఇంకా వల నిండా. చాచా లుంగీ ఎగగట్టి నీళ్ళలోకే దిగాడు.

"యా అల్లా! జిందా కొర్రమట్టలు! అన్నా, గివన్నీ నాకే, వేరేటోనికి ఇచ్చేది లేదు. వచ్చే ఏడాదివి కూడా ఇప్పుడే మాటియ్యి!"

మా వైపు ఇంటికి చుట్టం వస్తే రొయ్యను ఎవరడుగుతారు? కొర్రమట్ట పులుసు ఉందంటే మాత్రం పోయే బస్సును కూడా వదిలేస్తారు. చాచా అక్కడే, అందరి ముందే బేరం ఖాయం చేసుకున్నాడు. నాయిన నెమ్మదిగా, "పంట రావాలె అనుకున్నం. ఏం పంటనో అనుకోలే గదా" అన్నాడు. చిన్నాయిన కాసేపు ముఖం గంటు పెట్టుకుని, చివరికి రెండు కొర్రమట్టలు సంచిలో వేయించుకుని వెళ్ళిపోయాడు. కాగితాలు కూడా ఆయన వెంటే వెళ్ళాయి.

అందరూ పోయాక గట్టు మీద నేనూ పెద్దనాయినా మిగిలాం.

"నీకు ముందే తెలుసా?" అని అడిగాను.

"మూడో నెలల వలేస్తె ఒక్క రొయ్య రాలే. ఇవి వచ్చినయ్."

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్తే ఏంజేస్తుంటివి?"

"అన్నిటినీ పట్టించి బయట పారేపిస్తుంటి. పుస్తకంల అట్లనే ఉంది."

"గందుకే చెప్పలే."

"మరి రోజూ నాతోని గంత దాణా ఎందుకు ఏపించినవ్?"

"నువ్వేసిన దాణా కుంటల నుంచి వచ్చిన పరక చేపలు తిన్నయ్. పరకల్ని, రొయ్యల్ని పైపుల పడి వచ్చిన కొర్రమట్టలు తిన్నయ్. నీ సదువు యాడ గూడ ఖరాబ్ కాలే బిడ్డా, ఏడువకు" అని, తువ్వాలుతో నా ముఖం తుడిచాడు. ఆ తువ్వాలు నీచు వాసన కొట్టింది. అయినా తుడిపించుకున్నాను.

తర్వాత నేను నిజంగానే రొయ్యల పెంపకం చదువు చదివాను. ఇప్పుడు కోస్తాలో రొయ్యల చెరువుల మీద తిరిగే ఉద్యోగం నాది. రైతులు మేడం అంటారు. నేను ఏది చెప్పినా రాసుకుంటారు. అలా రాసుకుంటున్నప్పుడల్లా గట్టు మీద ఉపన్యాసమిచ్చే ఆ ఇరవై ఏళ్ళ పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. ఏమీ తెలియకుండా ఎంత ధీమా దానికి! పక్కనే నిలబడి ఒక పెద్దమనిషి తన పొలాన్నీ, ఆ పిల్ల పరువునీ నోరు మూసుకుని కాపాడుకొస్తుంటే, అది మాత్రం ట్రే ఖాళీ అయిందని చప్పట్లు కొట్టింది.