ఎత్తి చూపించమన్న మా నాయనమ్మ

నా చిన్నప్పుడు, తొమ్మిదో పదో ఏళ్ళుంటాయి, సాలూరు దగ్గర మా మెట్ట చేను మధ్యలో ఒక రాతి గూడు ఉండేది. నిలబెట్టిన మూడు రాళ్ళ మీద ఒక పెద్ద బండ. ఊళ్ళో రాకాసి గూడు అనేవారు. కలుపుకు వెళ్ళిన ఆడవాళ్ళు దాని నీడలోనే అంబలి తాగేవారు.

ఒక వేసవిలో రోడ్డు కంకర కోసం రాళ్ళు కొట్టేవాళ్ళు నలుగురు వచ్చారు. నాగలికి అడ్డు తొలగుతుందని మా నాన్న గూడు పగలగొట్టుకోమన్నాడు. సంగతి తెలియగానే నాయనమ్మ నా చెయ్యి పట్టుకుని చేనుకి నడిచింది. అరవలేదు, ఏడవలేదు. వెళ్ళి బండ కింద కూర్చుంది.

మన తాతలు కూడా కట్టనిదాని కోసం ఇంత పట్టుదల దేనికని నాన్న నచ్చజెప్పబోయాడు.

"ఎవులు కట్టినారో నాకూ తెల్దురా. నువ్వయితే కట్టనేదు గదా," అంది. ఆ తర్వాత పనివాళ్ళ పెద్దకి గట్టు పక్కన పడి ఉన్న మరో బండ చూపించింది. గూటి బండలో సగం కూడా ఉండదది.

"బాబూ, ముందు ఆ సిన్నదాన్ని మూడు రాళ్ళ మీదకి ఎత్తి సూపించండి. అప్పుడు దీన్ని కొట్టుకోండి. నాను అడ్డు రాను."

వాళ్ళు నవ్వుతూ గునపాలు తీశారు. నేను మాత్రం నాయనమ్మ పక్కన చేరి ఆ బండనే చూస్తున్నాను. నిజంగా ఎత్తేస్తే? నాయనమ్మ మాట ఇచ్చేసింది కదా. నాన్న కూడా వెళ్ళి భుజం పట్టాడు. ఒకసారి బండ అంచు మోకాలెత్తు లేచింది. అంతలోనే జారి పడింది. ఒకతని కాలు వెంట్రుకవాసిలో తప్పించుకుంది. ఎండ నడినెత్తికొచ్చేసరికి నవ్వులు ఆగిపోయాయి.

పనివాళ్ళ పెద్ద చెమట తుడుచుకుని గూడు చుట్టూ తిరిగాడు. పైబండ అంచుని చేత్తో తడిమాడు.

"దీన్ని ఎత్తినోల మీద నాను సమ్మెట ఎత్తనేనమ్మా," అని మనుషులను తీసుకుని వెళ్ళిపోయాడు.

మూడో రోజు నాన్న నాగలిని గూడు చుట్టూ తిప్పి దున్నాడు.

అది చరిత్రకు ముందటి మనుషుల సమాధి అని విజయనగరంలో చదువుకునేటప్పుడు తెలిసింది. ఈమధ్య మా మనవరాలు ఫోన్లో స్పెయిన్ దేశపు ఒక పల్లెను చూపించింది. మా వీధంత ఊరు. అక్కడా అలాంటి గూళ్ళే. చూడటానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారట. అక్కడ కూడా ఒక మొండి ముసలమ్మ ఉండే ఉంటుందనుకున్నాను.

నేను చాలా ఏళ్ళు పంతులమ్మగా పనిచేశాను. పాతదేదైనా తీసేద్దామని ఎవరన్నా, అలాంటిది మళ్ళీ చేయగలమా అని ముందు అడిగేదాన్ని. ఇప్పటికీ అడుగుతాను. విసుక్కునేవాళ్ళే ఎక్కువ. విసుక్కోనీ. జవాబు చెప్పేదాకా నేను మాత్రం ఊరుకోను.