గెజిట్ల వెనక దాచిన పుస్తకం

ఏటా కొత్త పిల్లలు చేరగానే నరసరావుపేటలో మా డిగ్రీ కాలేజీ సెమినార్ హాల్లో ఒక గంట మాట్లాడతాను. లైబ్రరీని ఎలా వాడుకోవాలి, కెరీర్ గైడెన్స్ సెల్ ఎక్కడుంది, ఫిర్యాదుల పెట్టెలో ఏం రాసి వేయాలి, మనసు బాగాలేనప్పుడు ఎవరిని కలవాలి, అన్నీ చెబుతాను. సాయం అడగడానికి మొహమాటపడకండి, అడిగితే చాలు, మేమున్నాం అని ముగిస్తాను. పిల్లలు చప్పట్లు కొడతారు. నేనూ ఇక్కడే చదువుకున్నదాన్ని కనుక నా మాట వాళ్లకు బాగా ఎక్కుతుందని ప్రిన్సిపాల్ గారి నమ్మకం. ఇక్కడ సాయం అడిగిన ఒక పిల్లకు నేనేం చేశానో ఆయనకు తెలియదు.

నేను బీఎస్సీ ఆఖరి సంవత్సరంలో ఉన్నప్పటి సంగతి ఇది. మాది నూజెండ్ల దగ్గర పల్లె. నాన్న సర్పంచి. ఊళ్లో ఎవరింటికి వెళ్లినా నాకు కుర్చీ వేసేవారు. నేను ఎక్కడైనా రెండోదాన్ని కాగలనని ఎవరూ నాకు చెప్పలేదు. కాలేజీలో ఆ సంగతి చెప్పింది ఎడ్లపాడు వైపు నుంచి రెండు బస్సులు మారి వచ్చే ఒక పిల్ల. వాళ్లమ్మ మిర్చి కోల్డ్ స్టోరేజీలో తొడిమలు తీసే పనికి వెళ్లేది. సాయంత్రాలూ ఆదివారాలూ ఈ పిల్ల కూడా వెళ్లేది. బోటనీలో నాకు డెబ్బై ఎనిమిది వస్తే దానికి ఎనభై ఒకటి వచ్చేవి. ఆ మూడు మార్కులు చాలు, నాకు అన్నం సయించేది కాదు.

దాని వేళ్లు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. గోళ్ల సందుల్లో కారం. ఎంత రుద్ది కడిగినా ఆ రంగు పూర్తిగా పోయేది కాదు. అది పక్కన కూర్చుంటే నేను కావాలనే తుమ్మేదాన్ని. నా వెనక బెంచీ వాళ్లు నవ్వేవాళ్లు. లైబ్రరీ గుమ్మంలో లైబ్రేరియన్ దాన్ని రోజూ ఆపేవాడు.

"ఏమ్మాయ్, చేతులు కడుక్కొచ్చావా? పుస్తకాలకి రంగంటుద్ది."

అది కుళాయి దగ్గరికి తిరిగి వెళ్లి, తడి చేతులు చున్నీకి తుడుచుకుంటూ వచ్చేది. మమ్మల్నెవరినీ ఆయన ఆ మాట అడగలేదు.

ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్షకు పనికొచ్చే పుస్తకం మా లైబ్రరీలో ఒక్కటే ఉండేది. ఆకుపచ్చ అట్ట, ఇటుకంత లావు. బయటికి ఇవ్వరు, అక్కడే కూర్చుని చదవాలి. అప్పటికి మా చేతుల్లో ఉన్నవి బటన్ ఫోన్లే, ఫొటోలు తీసుకుని చదువుకునే వీలు లేదు. మా కాలేజీలో ఇలాంటి పుస్తకాలకు ఒక ఆనవాయితీ ఉండేది. పరీక్షల ముందు ఎవడికి కావలసింది వాడు దాచేస్తాడు. కామర్స్ వాళ్లు సంస్కృతం అరలో, ఫిజిక్స్ వాళ్లు పాత వారపత్రికల కట్టల కింద. అది తప్పని ఎవరూ అనుకునేవారు కాదు. ఎవరి తెలివి వాళ్లది.

ఆ పుస్తకం నేను సంక్రాంతి సెలవుల్లోపే పూర్తి చేశాను. నోట్సు మొత్తం రాసుకున్నాను. ఇక నాకు దాంతో పని లేదు. అయినా ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం దాన్ని తీసి, చివరి బీరువా కింది అరలో, బూజు పట్టిన పాత గెజిట్ల వెనక, పేరున్న వెన్ను గోడవైపు తిప్పి పెట్టాను. నేను చదువుకోవడానికి దాచలేదు. అది చదవకూడదని దాచాను. ఈ ముక్క ఇన్నాళ్లూ నాతో నేను కూడా అనుకోలేదు.

నాలుగు రోజులకు ఆ పిల్ల నా దగ్గరికి వచ్చింది. నేను లైబ్రరీ కమిటీలో విద్యార్థి సభ్యురాలిని. ఆ కమిటీ చేసే ఘనకార్యం తనిఖీ వాళ్లు వచ్చే ముందు జరగని సమావేశాలకు రకరకాల పెన్నులతో హాజరు పుస్తకం నింపడం. కెరీర్ గైడెన్స్ గది తాళం, ఫిర్యాదుల పెట్టె తాళం కూడా నా దగ్గరే ఉండేవి. ఆ పెట్టె తెరిచేది నేనేనని అందరికీ తెలుసు.

"సార్నడిగితే ఎవురికీ ఇయ్యలా, ఇక్కడే యాడో ఉంటది, ఎతుక్కో అన్నాడు," అంది. "నువ్వు కమిటీలో ఉన్నావు గదా, ఒకసారి అడగవా? మా అమ్మ ఈ ఒక్క ఏడే అంది. సీటొస్తే యూనివర్సిటీకి పొమ్మంది. రాకపోతే తనతోపాటు స్టోరేజీకి రమ్మంది."

"అడుగుతాలే. నువ్వేం కంగారు పడబాక," అన్నాను. నవ్వుతూ దాని భుజం కూడా తట్టాను. తర్వాత చెయ్యి కడుక్కున్నాను.

అది మొదటి బీరువాతో మొదలుపెట్టింది. రోజుకొక అర. ప్రతి పుస్తకం తీసి, వెనక చూసి, మళ్లీ సర్దేది. నేను కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని చూసేదాన్ని. నిజం చెప్పాలంటే, ఆ రోజుల్లో నాకు అంతకన్నా మంచి కాలక్షేపం లేదు. మార్చి మొదట్లో వెతకడం ఆపేసింది. చివరి బీరువా పక్కన నేలమీద చతికిలబడి కూర్చోవడం మొదలుపెట్టింది. మాకు దాని వీపు, జడ తప్ప ఏమీ కనబడేవి కాదు.

"ఏందే, గెజిట్లు చదువుతున్నావా? కలెక్టరువి అవుతావా ఏంది?" అని ఒకసారి అరిచాను. లైబ్రరీ అంతా గొల్లున నవ్వింది. అది వెనక్కి తిరిగి నాకేసి చూసింది. నవ్వలేదు, కోపమూ తెచ్చుకోలేదు.

ఇది జరిగిన మూడు నాలుగు రోజులకు, అందరూ భోజనానికి వెళ్లినప్పుడు, ఎందుకో అనుమానం వచ్చి గెజిట్ల వెనక చెయ్యి పెట్టాను. పుస్తకం ఉంది. కాని వెన్ను బయటికి తిరిగి ఉంది. అటెండరు దుమ్ము దులుపుతూ తిప్పి ఉంటాడు, రేపో మాపో తీసి బల్లమీద పెడతాడు అనుకున్నాను. పుస్తకాన్ని తెరిచి కూడా చూడకుండా చున్నీలో చుట్టి, కెరీర్ గైడెన్స్ గదిలోని ఇనుప బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆ గదికి ఎవరూ వచ్చేవారు కాదు.

మర్నాడు ఆ పిల్ల మళ్లీ మొదటి బీరువా దగ్గర నిలబడింది. వారం తర్వాత ఫిర్యాదుల పెట్టెలో ఒక చీటీ దొరికింది. పేరు లేదు, రాత దానిదే.

"ఆ బోటనీ పుస్తకం ఎవరి దగ్గర ఉన్నా నేను ఎవరికీ చెప్పను. వాళ్లు చదువుకున్నాక రోజుకు ఒక గంట ఇస్తే చాలు."

ఎవరి దగ్గరుందో తెలియక గాల్లో రాయి వేసిందనుకున్నాను. చీటీ చించి, ముక్కలు పర్సులో వేసుకుని, హాస్టల్ బయట పారేశాను. కమిటీ రిజిస్టర్‌లో 'ఫిర్యాదులు లేవు' అని రాశాను.

నాకు సీటొచ్చింది. దానికి రాలేదు. టీసీ తీసుకోవడానికి వచ్చిన రోజు ఆఫీసు వరండాలో కలిశాం. ఆ రోజు దాని చేతులు మోచేతుల దాకా ఎర్రబారి ఉన్నాయి. అప్పటికే రోజంతా పనికి వెళ్తోందన్నమాట. ఊరుకుంటే పోయేది. ఊరుకోలేదు నేను.

"లైబ్రరీని సరిగ్గా వాడుకోవాల. అందరికీ ఉన్నయ్యేగా నీకూ ఉండయ్," అన్నాను.

"సగం దాకా చదివా," అంది. "ఆ సగంలోవి ఒక్కటీ తప్పులా." ఏదో గైడు గురించి చెబుతోందనుకున్నాను. బస్సు టైమయిందని అది వెళ్లిపోయింది. మళ్లీ దాన్ని నేను చూడలేదు. ఎక్కడుందని అడగలేదు కూడా.

చదువు పూర్తి చేసి, మరో రెండు చోట్ల పనిచేసి, ఇక్కడికే లెక్చరర్‌గా వచ్చాను. మొన్న వేసవిలో తనిఖీ వస్తోందని పాత గదులన్నీ ఖాళీ చేయించారు. కెరీర్ గైడెన్స్ బీరువా తాళంచెవి దొరక్క అటెండరు తాళం పగలగొట్టాడు. పైఅరలో ఆకుపచ్చ అట్ట.

"మేడం, ఇది మీ సబ్జెక్టే గదా, చూడండి," అని చేతికిచ్చాడు.

తెరిచాను. మొదటి పేజీ కింది మూల ఎర్రటి వేలిముద్ర. రెండో పేజీ మూల ఇంకొకటి. చిన్నవి, లేతవి, కడిగిన చేతులవి. తిప్పిన కొద్దీ పేజీ పేజీకీ ఉన్నాయి. గెజిట్ల పక్కన నేలమీద కూర్చుని అది చదివింది దీన్నే. బల్లమీదికి తెస్తే దాచినవాళ్లు చూసి ఇంకోచోటికి మారుస్తారని, చదివిన ప్రతిసారీ నేను పెట్టిన చోటే పెట్టింది. ఒక్కరోజు మాత్రం వెన్ను ఏ వైపు ఉండాలో మరిచిపోయింది. గెజిట్లని నేను అరిచిన మూడు నాలుగు రోజులకే పుస్తకం మాయమైతే, దాచింది ఎవరో దానికి అర్థం కాకుండా ఉంటుందా? ఆ చీటీ గాల్లో వేసిన రాయి కాదు. నాకే రాసింది. పెట్టె తెరిచేది ఎవరో తెలిసే రాసింది.

రెండు వందల పద్నాలుగో పేజీ దగ్గర ముద్రలు ఆగిపోయాయి. ఆ తర్వాత చివరి అట్ట దాకా పేజీలు తెల్లగా, ఎవరూ ముట్టుకోనట్టు ఉన్నాయి.

"దీన్ని రాయమంటారా మేడం?" అని అటెండరు స్టాక్ రిజిస్టర్ ముందు పెట్టాడు. అందులో పుస్తకం పరిస్థితి అనే గడి ఉంటుంది. మరకలున్నాయని రాస్తే కారణం రాయాలి. నేను పెన్ను తీసుకుని 'బాగుంది' అని రాసి, పక్కన సంతకం పెట్టాను.