ఇస్త్రీ చేసిన జుట్టు

పదో తరగతిలో నా జుట్టు ఎంత ఒత్తుగా, ఎంత ఉంగరాలుగా ఉండేదంటే, దువ్వెన పళ్లు అందులోనే విరిగిపోయేవి. స్కూల్లో గ్రూప్ ఫోటో తీసే రోజున, మా పోర్టు క్వార్టర్స్‌లోనే ఉండి కాలేజీకి వెళ్లే పిన్ని దానికి ఇస్త్రీ చేస్తానంది. నాకంటే నాలుగేళ్లే పెద్ద. అమ్మ చేపలకి వెళ్లగానే నా జుట్టంతా బల్ల మీద పరిచి, తడి తువ్వాలు కప్పి, పైనుంచి బొగ్గుల ఇస్త్రీ పెట్టె జరిపింది.

"నవ్వకే గుంటా, సెవి కాలిపోద్ది" అంటూ తనే నవ్వింది.

గంట తర్వాత అద్దంలో చూసుకుంటే జుట్టు నడుం దాకా జారింది. సంతోషం పట్టలేక ఇద్దరం మంచమెక్కి గెంతాం.

పిన్ని కాలేజీ కూడా అదే దారి; బస్సులో తన పక్కనే, కిటికీ దగ్గర కూర్చున్నాను. బీచి రోడ్డులో సముద్రం గాలి తగలగానే చెవుల దగ్గర ఒక్కో ఉంగరం లేచింది.

"ఏటిదీ, మళ్లీ లేసిపోతంది?" అని పిన్ని రెండు చేతులతో నా తల అదిమి పట్టుకుంది. చేతులు తీస్తే మళ్లీ లేచింది. కండక్టరు టిక్కెట్లు కొట్టడం మానేసి నవ్వాడు.

స్కూల్లో ఫోటోగ్రాఫరు నల్లగుడ్డలోంచి తల బయటపెట్టి, "పాపా, నువ్వు ఎనక్కెల్లు. నీ జుట్టు ఎనకాల ఇద్దరు కనపడ్డం లేదు" అన్నాడు. క్లాసంతా ఘొల్లుమంది. నేనే అందరికంటే ఎక్కువ నవ్వాను.

వారం తర్వాత ఫోటో చూసి అమ్మ, "కాసింత నూనె రాసుకుని ఎల్లాల్సింది" అంది. పిన్నీ నేనూ నవ్వు బిగబట్టి, ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా పెరట్లోకి పరిగెత్తాం.