పిల్ల పక్కలో ఓడ ఇనుము

సూర్యకిరణ్ చూసుకునే ఓడ కదలదు. కువైత్ తీరంలో కాంక్రీటు దిమ్మల మీద నిలబెట్టిన పాత యుద్ధనౌక అది. ఇప్పుడు మ్యూజియం. బడిపిల్లలు బస్సుల్లో వచ్చి దాని ఫిరంగుల దగ్గర ఫొటోలు దిగి వెళ్తుంటారు. ఉప్పుగాలికి ఇనుము ఊరుకోదు కనుక, రంగులు వేసే పని సబ్‌హాన్ పారిశ్రామికవాడలోని ఒక కంపెనీకి అప్పగించారు. అమలాపురంలో కెమిస్ట్రీ చదివిన సూర్యకిరణ్ ఆ కంపెనీలో ఇన్‌స్పెక్టరు. పాత రంగు గీకిన చోటల్లా తడిమి చూసి, కొత్తది వేయొచ్చో లేదో చెప్పాలి.

ఓడ బతుకంతా ఆ రంగుల పొరల్లోనే కనిపించేది. పైన లేత బూడిదరంగు మ్యూజియం వాళ్లది. దాని కింద తెలుపు, నౌకాదళంలో చేరిన కుర్రాళ్లకు శిక్షణ ఇచ్చిన రోజులది. ఆ కింద ముదురు బూడిద, రెండో ప్రపంచ యుద్ధంలో సముద్రంలో మందుపాతరలు ఏరుతూ తిరిగినప్పటిది. ఒకసారి మందుపాతర పేలి ముందుభాగం చీలినా, మునగకుండా రేవు చేరిందట. దాని మీద శత్రువు చేతిలో పోయిన ప్రాణం ఒక్కటీ లేదని గైడు వచ్చిన ప్రతి గుంపుకూ చెప్పేవాడు. అన్నిటికన్నా అడుగున, ఇనుమును కరుచుకుని, ఎర్రటి పూత.

గైడు మాట గంగరాజుకు బాగా పట్టేసింది. ఆయనది రాజోలు వైపు, రంగు గీకేవాళ్లలో పెద్దవాడు. తన పురిటిపిల్ల మణి నిద్రలో ఉలిక్కిపడుతోందని సూర్యకిరణ్ మాటవరసకు అంటే, మర్నాడే తుక్కులోంచి ఎర్ర పూత అంటిన ఓడ బోల్టు ఒకటి ఏరుకొచ్చి చేతిలో పెట్టాడు.

“పసిపిల్ల పక్కలో ఇనుం ఉండాలండి బాబూ. ఇది మామూలు ఇనుం కాదండోయ్, చావుని దాటొచ్చింది.”

సూర్యకిరణ్ నవ్వాడు గాని వద్దనలేదు. పిల్ల పుట్టిన దగ్గర్నుంచి అతనికి కంటి మీద కునుకు లేదు. పక్కవాళ్లు జలుబు అనుకునే చోట అతనికి నాలుగు రోగాల పేర్లు తోచేవి. ఇంటికి వెళ్లాక, క్రిములు చావాలని ఆ బోల్టును నీళ్లలో బాగా మరిగించమని భార్య వెంకటదుర్గకు చెప్పాడు. ఆమె మరిగించి, ఆరబెట్టి, దిండు కింద పెట్టింది.

మణికి పళ్లు వచ్చే వేళకి సూర్యకిరణ్ ఆ బోల్టు సంగతే మరిచిపోయాడు.

మ్యూజియం అవకముందే రంగులన్నీ పరీక్ష చేయించామని, వాటిలో విషమైన సీసం లేదని కంపెనీకి చెప్పారు. అందుకే ఎవరూ మళ్లీ పరీక్ష చేయలేదు. ఒక మధ్యాహ్నం మాత్రం ఆ ఎర్ర పూత మందంగా ఉందని అనుమానం వచ్చి, సీసం తగిలితే నల్లబడే ద్రావకం ఒక చుక్క దాని మీద వేశాడు. చూస్తుండగానే బొగ్గులా నల్లబడింది. వెంటనే పని ఆపించి, అందరికీ మాస్కులు తెప్పించాడు. పొడి ఎగరకుండా నీళ్లు కొట్టించాడు. సరైన పనే చేశానన్న తృప్తితో కంపెనీ బస్సెక్కాడు.

ఇల్లున్న మంగఫ్ దారిలో సగం వచ్చాక బోల్టు గుర్తొచ్చింది.

ఫోన్ చేస్తే వెంకటదుర్గ ఎత్తలేదు. మళ్లీ చేశాడు. బస్సు ఎర్ర సిగ్నల్‌కు ఆగిన ప్రతిచోటా లేచి నిలబడుతుంటే పక్కనున్నవాడు విసుక్కున్నాడు. బస్సు దిగి, లిఫ్టు కోసం ఆగలేక మెట్లెక్కాడు. మణి చాప మీద కూర్చుని బోల్టు చివర చప్పరిస్తోంది. చొంగ గడ్డం మీదుగా కారుతోంది. నోట్లోంచి లాగితే కెవ్వుమంది.

ఎన్నాళ్ల నుంచి నోట్లో పెడుతోందని అడిగాడు. చిగుళ్లు దురద పెట్టినప్పటి నుంచీ అదే కావాలంటోందని, రోజూ కడిగే ఇస్తున్నానని వెంకటదుర్గ చెప్పింది. సంగతి తెలిశాక తడిగుడ్డతో పిల్ల నాలుక తుడిచింది.

“సైన్సు చదివినోరు, మీరే తెచ్చారు. మీరే మరగబెట్టమన్నారు. ఇంక నేనేం అనుకోవాలండీ?”

మరిగిస్తే సీసం పోదని కెమిస్ట్రీ చదివే ఏ కుర్రాడైనా చెబుతాడు.

క్లినిక్‌లో రక్తం తీశారు. ఫలితం వచ్చేదాకా అతను మణినే గమనిస్తూ కూర్చున్నాడు. వెనక నుంచి చప్పట్లు కొట్టి తల తిప్పుతుందో లేదో చూశాడు. పక్క ఫ్లాట్ పిల్లాడు ఈ వయసుకే నిలబడ్డాడని గుర్తొచ్చి అన్నం పక్కకు నెట్టాడు. రక్తంలో సీసం ఉంది, మందులు ఇవ్వాల్సినంత లేదన్నాడు డాక్టరు. ఇక నోట్లోకి పోకుంటే దానంతటదే తగ్గుతుందట, నెల తరవాత మళ్లీ చూడాలి. మెదడుకేమైనా అవుతుందా అని సూర్యకిరణ్ అడిగాడు. ఆ ప్రమాదం తక్కువే, అసలు లేదని మాత్రం చెప్పలేనన్నాడు.

గంగరాజుకు చెప్పక తప్పలేదు.

“నా చేతుల్తో ఇచ్చానండి,” అన్నాడు ఆయన. ఆ పూట అన్నం డబ్బా మూత తీయలేదు.

సీసం పొడి ఇంటికి రాకూడదని సూర్యకిరణ్ ఇప్పుడు పనిబట్టలు ఓడ దగ్గరే విప్పేసి, స్నానం చేసి, వేరే బట్టల్లో వస్తున్నాడు. నిన్న సాయంత్రం తలుపు తీయగానే మణి చేతులు చాచింది. అతను గుమ్మంలోనే ఆగి, గోళ్లు వెలుతురుకు పెట్టి చూసుకున్నాడు.

“ఎత్తుకోండి, ఏడుస్తాది,” అంది వెంకటదుర్గ.

ఒక్క నిమిషమని బాత్రూంలోకి వెళ్లి పంపు తిప్పాడు. తలుపవతల ఏడుపు మొదలైంది. మరోసారి సబ్బు రాసుకున్నాడు.