పొద్దున్నే ప్రశ్న పంపే మా వదిన

ఆ ఆదివారం పొద్దున మా ఇంటి గ్రూపులో వదిన ప్రశ్న రాలేదు. ఆ సంగతి ముందుగా కనిపెట్టింది కూడా కోదాడలో ఉండే మా తోటికోడలే. "వదినా, ఇవాళ ప్రశ్న ఏదండీ?" అని పెట్టేసింది. సూర్యాపేటలో పొయ్యి మీద పాలు పెట్టి ఫోన్ చూసిన నాకు ఒళ్ళు మండింది. ఆఖరికి ప్రశ్న రాలేదని అడగడంలోనూ ఈవిడే ఫస్టా అనుకున్నాను. పాలు దించేలోపే మిర్యాలగూడ నుంచి ఫోన్ వచ్చింది. వదిన నిద్రలోనే పోయిందట.

వదిన అంటే మా ఆయనకు అక్క. మిర్యాలగూడలో ఆడపిల్లల హైస్కూల్లో సోషల్ టీచరుగా చేసి రిటైరైంది. బడిలో ఉన్నన్నాళ్ళూ పొద్దున ప్రార్థన అయ్యాక, చరిత్రలో ఈ రోజు ఏం జరిగిందో ఒక ప్రశ్న అడిగేదట. రిటైరయ్యాక అడగడానికి పిల్లలు లేక మా మీద పడింది. రైస్‌మిల్లుల లారీలు రోడ్డెక్కే వేళకే ప్రశ్న వచ్చేసేది. మగవాళ్ళు దండం బొమ్మ పెట్టి తప్పించుకునేవాళ్ళు. పోటీ అంతా మా తోటికోడళ్ళిద్దరికే.

ఫోన్లో వెతికి జవాబు చెప్పకూడదని ఆమె కట్టడి. "సూసి చెప్పేటట్టయితే ఇగ నేనెందుకు? ఆ ఫోన్‌నే వదినా అని పిలుసుకోండ్రి" అనేది. నేను లెక్కలు చదువుకున్నదాన్ని, తోటికోడలేమో డిగ్రీలో చరిత్ర చదివింది. ఆమె జవాబు టక్కున వచ్చేది. దాని కింద వదిన ఒక పువ్వు బొమ్మ పెట్టేది. పెళ్ళిళ్ళలో కలిసినప్పుడు "మా కోదాడ మరదలు ఉన్నది సూడు, ఏదడిగినా చెప్తది" అని పదిమందికీ చూపించేది. పక్కన నిలబడి నేనూ నవ్వేదాన్ని. లోపల మాత్రం కుతకుత ఉడికిపోయేదాన్ని.

నేను తప్పు చెబితే పువ్వు రాదు కదా, ఫోన్ వచ్చేది. "ఏం మరదలా, చాయ్ తాగినవా?" అని మొదలుపెట్టేది. ఒకసారి, మనుషులు చంద్రుడి మీద దిగిన రోజున, వాళ్ళతో వెళ్ళి కూడా దిగకుండా పైనే ఉండిపోయిన మూడో మనిషి ఎవరని అడిగింది. నేను దిగినవాళ్ళలో ఒకరి పేరు రాశాను. "దిగినోళ్ళనే అందరు యాది పెట్టుకుంటరు. పైన తిరుక్కుంట కాసుకొని ఉన్నోడు లేకుంటే వాళ్ళు ఇంటికెట్ల వస్తరు? చంద్రుని అవతలికి పోయినప్పుడల్లా ఆయనకు ఎవరి మాటా ఇనరాదు. నాకైతే ఆయనంటేనే పావురం, ఆయనంటేనే ఇష్టం" అంది. నేను ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య నొక్కిపట్టి, ఉల్లిగడ్డలు కోస్తూ ఊఁ కొట్టాను. తప్పు చెప్పినందుకు ఇదో శిక్ష అనుకునేదాన్ని. కానీ నాకు తెలిసిన లోకమంతా ఆ ఫోన్లలో తెలిసిందే.

పెద్దకర్మ నాడు ఆమె దగ్గర చదువుకున్నవాళ్ళు చాలామంది వచ్చారు. అందరిదీ ఒకటే మాట, టీచరుకు నేనంటేనే ఇష్టమని. ఒక్కొక్కరినీ చూస్తుంటే నాకు అసూయ పుట్టింది. తోటికోడలు అందరికంటే గట్టిగా ఏడ్చింది. అదీ ఓర్వలేకపోయాను.

భోజనాలయ్యాక ఇద్దరం వదిన గదిలో చాప మీద కూర్చున్నాం. ఉండబట్టలేక అనేశాను. "నీకేం చెల్లె, పువ్వులన్నీ నీకే పెట్టింది వదిన."

"ఆ పువ్వులేం చేసుకోను అక్కా? పువ్వు పెట్టిందంటే ఆ రోజుకి నాతో పని అయిపోయినట్టే. మీకైతే అరగంట ఫోను. నాకు ఒక్కనాడూ చెయ్యలేదు. ఆ ఫోన్ కోసం కావాలనే తప్పు కూడా రాసి చూశాను. 'నీకు తెల్వదా? నాటకాలు చేయకు' అని మెసేజీ పెట్టి ఊరుకుంది. మీ మీద ఎంత కుళ్ళుకున్నానో నాకే తెలుసు."

ఇన్నేళ్ళూ ఇద్దరం ఒకరినొకరు చూసి ఏడుస్తున్నామన్నమాట. అందులో గెలిచింది నేనని ఆ రోజు తెలిసింది. దుఃఖంలోనే ఎంతో హాయిగా అనిపించింది.

"అంతసేపు ఏం చెప్పేది అక్కా? ఒక్కటి చెప్పండి" అంది.

ఒకటి చెప్పాను. ఆమె మోకాళ్ళ మీద గడ్డం ఆనించి, కళ్ళు కూడా తుడుచుకోకుండా వింది. అయిపోగానే "ఇంకోటి" అంది.

నా దగ్గర చాలా ఉన్నాయి. సాగర్ ఎడమ కాలువకు మొదటిసారి నీళ్ళొచ్చిన రోజు, చిన్నప్పుడు మా మామగారి భుజాల మీద కూర్చుని ఆ నీళ్ళు చూసిన సంగతి వదిన నాకు ఎన్నిసార్లు చెప్పిందో. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"యాదికి లేవు చెల్లె" అన్నాను.

ఆమె నమ్మలేదు. నా ముఖంలోకే చూస్తూ అట్లాగే కూర్చుంది.