పదమూడో పేరు

అప్పయ్య మాస్టారు నా పేరు తుడిచేసిన రోజు నాకు బాగా గుర్తు. 1959 మార్చి, ఆదివారం. పిటాన్ బడిలో నల్లబోర్డు మీద అరవై మంది కుర్రాళ్ళ పేర్లు రాసి ఉన్నాయి. మధ్యాహ్నానికి యాభై రెండు పేర్ల పక్కన గుర్తులు పడ్డాయి. మిగిలిన ఎనిమిది పేర్లనూ మాస్టారు డస్టరు తీసుకుని, మా వైపు చూడకుండా, పైనుంచి కిందికి తుడిచేశారు. వాటిలో దాసు అన్నది ఆరోది.

దాన్ని మేం పంపకం అనేవాళ్ళం. మా దీవికి ఉత్తరాన చెరకు తోటల మధ్య నాలుగు ఊళ్ళు కలిసి, పదహారేళ్ళ లోపు పిల్లలకి ప్రతి ఏడూ ఫుట్‌బాల్ కప్పు ఆడించేవి. మొదట్లో ఎవరి జట్టు వాళ్ళదే. తెలుగువాళ్ళదొకటి, తమిళులదొకటి, భోజ్‌పురివాళ్ళదొకటి, ఆఫ్రికా మూలాల క్రెయోల్ వాళ్ళదొకటి. ఆట గంటన్నర అయితే కొట్లాట రెండు గంటలు. చూసి చూసి విసిగిన హెడ్మాస్టరు నారాయణస్వామి గారు 1951లో ఒక పద్ధతి పెట్టారు. నాలుగు ఊళ్ళ పిల్లల పేర్లన్నీ ఒకే బోర్డు మీద రాయాలి. ఊరికొక పెద్దమనిషి ఉండాలి. వంతులవారీగా ఒక్కొక్క పేరు ఏరుకోవాలి. కిందటేడు చివర వచ్చిన ఊరు ముందు ఏరుతుంది, కప్పు గెలిచిన ఊరు చివర ఏరుతుంది. జట్టుకి పదమూడు మంది. ఎవరు ఏ జాతి, ఏ గుడి, ఏ చర్చి అని అడగడానికి వీల్లేదు. పిటాన్ తరఫున ఏరే పని అప్పయ్య మాస్టారి మెడకి చుట్టుకుంది. తర్వాత పద్దెనిమిదేళ్ళు అది ఊడలేదు.

ఆట కోసమే అయితే ఇంత బాధ లేదు. పంచదార మిల్లు దొరకి ఫుట్‌బాల్ అంటే పిచ్చి. బోర్డు మీద గుర్తు పడ్డ పిల్లల్ని వర్క్‌షాపులో అప్రెంటిస్‌లుగా తీసుకునేవాడు. గుర్తు పడితే ఫిట్టరో, వెల్డరో అయి నీడపట్టున పని చేసుకోవచ్చు. పడకపోతే చెరకు కోత. నేను పదేళ్ళకి పైగా కోశాను. ఎండలో, వానలో, ఆకు చెయ్యి కోసేస్తుంటే, నా అంత ఆడలేనివాళ్ళు నూనె మరకల చొక్కాలతో మిల్లు గేటులోకి పోతుంటే చూస్తూ కోశాను. మాస్టారి మీద నాకు ఎంత కోపముండేదో చెప్పినా ఎవరికీ అర్థం కాదు.

ఆయన దుర్మార్గుడేమీ కాదు. అదే అసలు చిక్కు. పొద్దున మిల్లు కాటా దగ్గర చెరకు బళ్ళ తూకం చూసేవారు. మధ్యాహ్నం బడిలో తెలుగు చెప్పేవారు. ఆయన తెలుగులో అడిగితే పిల్లలు దీవి భాష క్రెయోల్‌లో జవాబిచ్చేవాళ్ళు. ఓపిగ్గా మళ్ళీ అడిగేవారు. శనివారాలు రామమందిరంలో భజన నడిపేవారు. సన్నగా, కాస్త వంగి, ఎప్పుడూ అప్పుడే నిద్రలేచినట్టు ఉండేవారు. మార్చి వచ్చిందంటే ఆయన ఇంటికి జనం బారులు కట్టేవారు. అరటి గెలలు, గుమ్మడికాయలు, బతికున్న కోళ్ళు. అన్నీ తీసుకెళ్ళి భజన వంటింట్లో ఇచ్చేసేవారు, కోళ్ళని మాత్రం తెచ్చినవాళ్ళకే తిప్పి పంపేవారు. ఆయన భార్య గౌరీదేవి, "ఈ ఇంటికి ఫుట్‌బాల్ కోసం వచ్చినంతమంది నన్ను పెళ్ళికి చూడ్డానికి కూడా రాలేదు," అనేది. మాస్టారు నవ్వేవారు. ఏటికేడు ఆ నవ్వు తగ్గిపోతూ వచ్చింది.

మరి ఆయన పిల్లల్ని ఎలా ఏరేవారు? ఆ సంగతి నాలుగు ఊళ్ళకీ తెలుసు. పంపకం ఆదివారానికి ముందు రాత్రి మందిరంలో రామభజన. మధ్యలో దీపం. దాని చుట్టూ తాళాలు వేస్తూ, పాడుతూ, ఉత్త కాళ్ళతో సూర్యోదయం దాకా తిరగాలి. తెల్లవారి హారతి వేళకి ఎవరు ఇంకా కాళ్ళ మీద ఉన్నారో మాస్టారు చూసేవారు. ఎవరు కూర్చున్నారో కూడా చూసేవారు. రాత్రంతా దీపం చుట్టూ తిరిగినవాడు గంటన్నర బంతి వెంట పరిగెత్తలేడా అన్నది ఆయన లెక్క. ఆ లెక్కతో పిటాన్ ఏడుసార్లు కప్పు గెలిచింది కూడా. దాంతో మిగతా మూడు ఊళ్ళ పెద్దలు తెల్లవారుజామున ప్రసాదం వంకతో మందిరానికి రావడం మొదలుపెట్టారు. మాస్టారి చూపు ఎవరి మీద ఆగిందో, ఎవరిని దాటేసిందో చూసుకుని పోయేవారు. ఆయన దాటేసినవాణ్ణి ఎవరూ ముట్టరు. ఆ ఒక్క రాత్రి నాలుగు ఊళ్ళ పిల్లలూ వచ్చి మా మందిరంలో కాలు పెట్టడానికి చోటు ఉండేది కాదు. ఆ భక్తి ఎవరి మీదో రాముడికి తెలియకుండా ఉంటుందా?

1959లో నేను హారతి వేళకి కూర్చుని ఉన్నాను. అలిసిపోయి కాదు. మా అమ్మ అంకమ్మ వంటింట్లో ఉంది. ఆరేళ్ళ మా తమ్ముడు గోపాల్ నిద్రమత్తులో జనం కాళ్ళ మధ్య పడబోతుంటే పట్టుకుని గోడవార కూర్చున్నాను. వాడు నా ఒళ్ళో నిద్రపోయాడు. లేవబోతే ఏడ్చాడు. మాస్టారి చూపు నా మీదికి వచ్చింది, దాటిపోయింది. అంతే. ఆయనకి ఎదురెళ్ళి చెప్పే అలవాటు మాకు లేదు. పదిహేనేళ్ళ వయసులో రోషం కూడా ఎక్కువే. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, గోపాల్‌కి కూడా.

గోపాల్‌కి పదిహేనేళ్ళు వచ్చేసరికి 1968 వచ్చింది. ఆ మార్చిలో ఒక మంగళవారం మా దీవికి స్వాతంత్ర్యం, దానికి ముందు ఆదివారం పంపకం. బడికి కొత్త రంగు వేశారు. జెండా కర్ర నాటారు. కానీ జనవరిలో రాజధాని పోర్ట్ లూయీలో జాతుల మధ్య కొట్లాటలు జరిగి, ఇంగ్లీషు సైనికులు దిగి, మనుషులకి మనుషులంటే భయం పట్టుకుని ఉంది. పిటాన్‌లో ఏమీ జరగలేదు. ఏమీ జరగకుండానే తలుపులు తొందరగా మూసుకునేవాళ్ళు. గోపాల్ స్నేహితుడు మార్సెల్ క్రెయోల్ పిల్లవాడు. వాడికి తండ్రి లేడు. తల్లి జీనెట్ ఇళ్ళ బట్టలు ఉతికి ఇస్త్రీ చేసేది. ఆ నెలల్లో మూడిళ్ళవాళ్ళు ఆమెకి బట్టలు ఇవ్వడం మానేశారు. కారణం ఎవరూ చెప్పలేదు.

ఆ శనివారం సాయంత్రం గోపాల్‌తో పాటు మార్సెల్ కూడా ఉతికిన నిక్కరు వేసుకుని మందిరానికి వచ్చాడు. కొందరు మొహాలు తిప్పుకున్నారు. మాస్టారు మాత్రం వాడికి ఒక జత తాళాలు ఇచ్చారు. నేను గోపాల్‌ని పక్కకి లాగి, "ఏం జరిగినా కూర్చోకు. విన్నావా? ఇల్లు కూలినా కూర్చోకు," అన్నాను. వాడు తలూపాడు.

హారతికి కాస్త ముందు గోపాల్ కూర్చున్నాడు.

నేను జనాన్ని తోసుకుంటూ వెళ్ళాను. మార్సెల్ కళ్ళు తేలేసి గోడవార పడి ఉన్నాడు. గోపాల్ వాడి తల ఒళ్ళో పెట్టుకుని నీళ్ళు తాగిస్తున్నాడు. సంగతేమిటంటే, వాళ్ళకి ఈస్టరు ముందు ఉపవాసాల రోజులు. జీనెట్ ఇంట్లో శుక్రవారం నుంచి సరిగ్గా తిండి లేదు. అది చాలనట్టు, భజనకి వచ్చేవాళ్ళు శనివారం ఒక్కపొద్దు ఉండాలని ఎవరో చెబితే, ఎందుకైనా మంచిదని మార్సెల్ అదీ ఉన్నాడు. ఇద్దరు దేవుళ్ళ ఉపవాసం ఒక్కడే చేశాడు. అయినా దాదాపు తెల్లవారేదాకా తిరిగాడు.

"లేరా గోపాల్, లే," అన్నాను.

"పా కపావ్, అన్నా. లేవలేను. వీడి తల కింద పడిపోద్ది," అన్నాడు వాడు.

అప్పుడే మాస్టారి చూపు ఇటు తిరిగింది. కూర్చున్నవాణ్ణి చూసింది, పడుకున్నవాణ్ణి చూసింది, దాటిపోయింది. ఆయన వెనకే ముగ్గురు పెద్దల చూపులూ దాటిపోయాయి. అక్కడే అరిచి చెప్పాల్సింది. చెప్పలేదు. ఆయనే వచ్చి అడగాలని నా పట్టుదల. తొమ్మిదేళ్ళుగా అదే పట్టుదల.

పది గంటలకి బడిలో పంపకం మొదలైంది. గొడవల వల్ల చాలామంది తమ పిల్లల్ని పంపలేదు. బోర్డు మీద యాభై మూడు పేర్లే ఉన్నాయి. అంటే ఈసారి ఒక్క పేరే తుడవాలి. కిందటేడు కప్పు మాదే కాబట్టి ప్రతి వంతులోనూ పిటాన్ చివర. పిల్లలంతా వరండాలో నిలబడ్డారు. నేను కిటికీ దగ్గర నిలబడి లెక్కపెడుతున్నాను. ఒక్కో వంతూ గడుస్తోంది. నిద్రకళ్ళతో మాస్టారు కాగితం చూసి పేరు చెబుతున్నారు. పదో వంతు. పదకొండు. గోపాల్ పేరు ఎవరూ పలకలేదు. మార్సెల్ పేరు ఎవరైనా పలుకుతారని ఎవరూ అనుకోలేదు.

పదమూడో వంతులో మూడు ఊళ్ళవాళ్ళూ ఏరుకోవడం అయిపోయింది. బోర్డు మీద రెండు పేర్లు మిగిలాయి. గోపాల్, మార్సెల్. పిటాన్‌కి ఒక్క పేరు ఏరుకునే వంతు ఉంది.

ఇంక ఉండబట్టలేక లోపలికి వెళ్ళాను. గొంతు పెంచకుండా, ఆయనకి మాత్రమే వినబడేలా చెప్పాను. గోపాల్ ఎందుకు కూర్చున్నాడో చెప్పాను. మార్సెల్ ఎందుకు పడిపోయాడో చెప్పాను. అక్కడితో ఆపితే బాగుండేది. "ఫిఫ్టీనైన్‌లో నేనూ అంతే, మాస్టారూ. ఈ గోపాలే నా ఒళ్ళో నిద్రపోయాడు. నా కాళ్ళు బాగానే ఉన్నాయి," అన్నాను.

ఆయన చేతిలో కాగితం మడిచి బల్ల మీద పెట్టారు. "ఎవరూ చెప్పలేదే," అన్నారు.

"మీరు అడగలేదు."

మాస్టారు బల్ల అంచు పట్టుకుని బెంచీ మీద కూర్చున్నారు. ఏరేటప్పుడు ఆయన కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. పెదవులు కదులుతున్నాయి. పద్దెనిమిదేళ్ళలో తుడిచిన పేర్లని ఒక్కొక్కటే తలుచుకుంటున్నారని నాకు తర్వాత అర్థమైంది. నారాయణస్వామి గారు గడియారం చూసి దగ్గారు.

"నేను ఫిని, దాసూ. అయిపోయాను," అన్నారు మాస్టారు. "చూసిందంతా తప్పుగానే చూశాను. నీకు ఇద్దరి సంగతీ తెలుసు. నువ్వు ఏరు." డస్టరు నా చేతిలో పెట్టారు.

వద్దనాల్సింది. ఆ మాట నాకు తట్టనే లేదు. అక్కడున్నవాళ్ళెవరూ కూడా వద్దనలేదు, అందరికీ ఇంటికి పోవాలని ఉంది. కిటికీలోంచి ఇద్దరూ నన్నే చూస్తున్నారు. మార్సెల్ మొహం ఇంకా పాలిపోయి ఉంది. గోపాల్ మెల్లగా తల అడ్డంగా ఊపాడు. వద్దంటున్నాడో, ఇంకేమంటున్నాడో నేను తెలుసుకోదలుచుకోలేదు. నాకు మా అమ్మ కనబడింది. కోతకత్తి కనబడింది. జీనెట్‌కి తగ్గిన మూడిళ్ళ బట్టలు కూడా కనబడ్డాయి, అబద్ధం చెప్పను. అన్నీ తెలిసే మార్సెల్ పేరు తుడిచాను.

ఒక్క పేరు తుడవడానికి ఎంతసేపు పడుతుంది? సుద్దపొడి చేతికి అంటుకుంది, అంతే.

మంగళవారం జెండా ఎగిరింది. పిల్లలకి మిఠాయిలు పంచారు. ఏప్రిల్లో గోపాల్ వర్క్‌షాపులో చేరాడు. మొదటి రోజు నూనె మరకలతో ఇంటికొస్తే అమ్మ ఏడ్చింది. వాడు నాతో మాత్రం రెండు నెలలు మాట్లాడలేదు. జూన్‌లో కోత మొదలైంది. కోత కూలీల మేస్త్రీ, సర్దారు, ఒక కొత్త కుర్రాణ్ణి తెచ్చి నా పక్క వరసలో నిలబెట్టాడు. మార్సెల్. కత్తి ఎలా పట్టుకోవాలో, మొదలంటా ఎలా నరకాలో, ఆకు కళ్ళకి తగలకుండా ఎటు వంగాలో నేనే నేర్పాను. వాడు శ్రద్ధగా నేర్చుకున్నాడు. "గోపాల్ బాగున్నాడా, అన్నా?" అని అడిగేవాడు, రోజూ. ఆ మాటలో వెటకారం ఏమాత్రం ఉన్నా నాకు కాస్త తేలికయ్యేది.

అప్పయ్య మాస్టారు మళ్ళీ ఏరలేదు. రెండేళ్ళకి పంపకమే ఆగిపోయింది. కాటా పని మానేశారు, బడి మానేశారు, భజన మాత్రం మానలేదు. కానీ దీపం దగ్గర పాడటం వేరేవాళ్ళకి అప్పగించారు. హారతి వేళకి టీ కెటిల్ పట్టుకుని గోడవార తిరిగేవారు. కూర్చున్న ప్రతివాడి దగ్గరా ఆగేవారు. పిల్లవాడైనా, ముసలివాడైనా, అందరినీ ఒకే ప్రశ్న అడిగేవారు. జవాబు పూర్తయ్యేదాకా వినేవారు. కొందరు నవ్వుకున్నారు, మాస్టారికి మతి చలించిందన్నారు. ఆయన పట్టించుకోలేదు.

1969 కోతల కాలంలో ఒక శనివారం పగలంతా చెరకు కోసి భజనకి వెళ్ళాను. తెల్లవారేసరికి గోడకి చేరబడి ఉన్నాను. మాస్టారు వచ్చారు. మోకాళ్ళు పట్టుకుని, కష్టం మీద నా పక్కన కూర్చున్నారు. గ్లాసులో టీ పోశారు.

"కిఫేర్ కూర్చున్నావు, దాసూ? ఎందుకు?"

పదేళ్ళు ఆ ప్రశ్న కోసం చూశాను. అది వచ్చేసరికి చెప్పడానికి నా దగ్గర కారణమేదీ మిగల్లేదు.

"అలిసిపోయాను, మాస్టారూ," అన్నాను. ఆయన తలూపి, తనకీ ఒక గ్లాసు పోసుకున్నారు.