సగం అగ్గిపుల్ల ఎత్తు

మా స్టూడియో పక్క స్థలంలో ఇల్లు కడుతున్నారు. పొద్దున్నే కూలీలు వాలుగా నిలబెట్టిన జల్లెడ మీదికి పారతో ఇసుక విసురుతుంటే ఆ చప్పుడు లోపలికి వస్తుంది. సన్న ఇసుక సర్రున జారే చప్పుడు వేరు, గులకరాళ్ళు కిందికి దొర్లే చప్పుడు వేరు. లెన్సులున్న గది కాబట్టి దుమ్ము రాకుండా నేను తలుపు వేసుకోవాలి. వేసుకోను. ఎవరేమనుకున్నా సరే, ఆ చప్పుడు వినిపిస్తున్నంతసేపూ దానయ్యగారు పక్క గదిలో ఉన్నట్టే ఉంటుంది నాకు. పాత నూలుచీర ముక్కని గిన్నెకు బిగించి కట్టి, సముద్రపు ఇసుకని దాని మీద పోసి వేళ్ళతో మెల్లగా రాస్తూ, పిండిలాంటి ఇసుక దిగేదాకా జల్లించేవారాయన. జానెడు విమానం నిలబడడానికి ఆ ఇసుక కావాలి. మామూలు ఇసుక పోస్తే ప్రతి రేణువూ ఫొటోలో బండరాయిలా కనబడుతుంది.

మాది పాతపట్నం. ఎచ్చెర్లలో చదువు ముగించి, ఉద్యోగం వచ్చేలోగా ఊరికే కూర్చోవడం ఎందుకని శ్రీకాకుళంలో ఆయన స్టూడియోలో ఫొటోలు దిద్దే పనికి చేరాను. ఆ ఉద్యోగం ఇంకా రావాల్సే ఉంది. దానయ్యగారిది కళింగపట్నం అవతల సముద్రపు ఒడ్డు ఊరు. ఇంటిల్లిపాదీ వేటకు వెళ్ళేవాళ్ళే. పడవ ఎక్కితే చాలు ఈయనకి కడుపులో తిప్పేదట. అందుకని వల వదిలేసి కెమెరా పట్టుకున్నానని ఆయనే నవ్వుతూ చెప్పేవారు.

చేరిన రోజే గోడ మీద ఒక ఫొటో చూశాను. కోతలైపోయిన పొలంలో విమానం ఆగి ఉంది. ఒకదాని మీద ఒకటిగా రెండంతస్తుల రెక్కలు, ముందు రెండు చక్రాలు, నేలకు ఆనిన తోక. వెనక రామతీర్థం బోడికొండ. ఆ కొండ నాకు బాగా తెలుసు, చిన్నప్పుడు ఎక్కాను కూడా.

"ఇది ఎప్పుడు దిగిందండీ అక్కడ?" అని అడిగాను.

"కొండ నిజఁవే గుంటా," అన్నారాయన. మా వైపు ఆడపిల్లని గుంట అంటారు. మాట్లాడుతూనే అలమారా మీద నుంచి అట్టపెట్టె దించారు. అందులోంచి జానెడు పొడవున్న విమానాన్ని తీసి నా అరచేతిలో పెట్టారు. "ఇదీ ఇమానం."

అంకుడు కర్రతో చెక్కింది. కాకి ఈకంత తేలిక. చేతిలో ఉన్నదాన్నీ గోడ మీద ఉన్నదాన్నీ మార్చి మార్చి చూశాను. ఒళ్ళు జలదరించింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. అదే రెక్క, అదే చక్రం. కానీ గోడ మీదున్నది కదిలితే గాలికి నా జుట్టు ఎగిరేలా ఉంది. ఇన్నేళ్ళుగా ఫొటోలు తీస్తున్నాను. మొదటిరోజు పడ్డ ఆ ఆశ్చర్యం ఇప్పటికీ తగ్గలేదు.

ఆయన కొలతంతా అగ్గిపుల్లతోనే. అగ్గిపుల్ల ఒక మనిషి. ఆ మనిషికి తగ్గట్టు విమానం చెక్కేవారు. ఫొటో తీసేటప్పుడు చక్రం పక్కన అగ్గిపుల్ల గుచ్చి, లెన్సుని సరిగ్గా పుల్ల తల దగ్గరికి దించేవారు. "మనం పైనుంచి సూస్తే బొమ్మ. ఈడు సూసినట్టు సూస్తే ఇమానం," అనేవారు పుల్లని చూపించి. తర్వాత పుల్ల తీసేసి ఫొటో తీసేవారు. ఎప్పుడూ ఎండలోనే, ఎప్పుడూ నిజం కొండో నిజం సముద్రమో వెనక ఉండాల్సిందే. బల్బు పెడితే నీడ అంచులు చెదిరిపోయి గుట్టు బయటపెడతాయి. నీళ్ళ దగ్గర మాత్రం ఆయన ఆటలు సాగేవి కావు. దగ్గరగా ఒక్క చుక్క పడినా అది చుక్కలాగే కనబడుతుంది, దాన్ని ఎంత బతిమాలినా చిన్నది కాదు. ఒకసారి పొద్దంతా కష్టపడి తీసిన ఫొటోలో పై రెక్క మీద చీమ నిలబడి ఉంది. మేకంత చీమ. నేను పడిపడి నవ్వాను. ఆయన రెండు రోజులు నాతో ముభావంగా ఉన్నారు.

ఎన్ని చెక్కినా ఆ రెండంతస్తుల రెక్కల విమానమే చెక్కడం చూసి ఒక మధ్యాహ్నం అడిగాను, వేరేది చెక్కకూడదా అని. అప్పుడు చెప్పారు సూరమ్మ సంగతి. సూరమ్మ ఆయన అక్క. మా వైపు అక్కని అప్ప అంటాం.

"మా అప్ప సిన్నగుంటప్పుడు ఒకనాడు తెల్లారగట్ల ఒడ్డు మీద ఇమానం దిగినాదంట. ఒకాయన దిగి, ముందర తిరిగే రెక్కని సేత్తో తిప్పి, మల్లీ ఎక్కి ఎలిపోనాడంట. ఇది పరిగెట్టుకోని ఊర్లోకొచ్చి సెప్పినాది. అందరూ ఎల్లేసరికి కెరటం సక్రాల గీతలు తుడిసేసినాది. ఏటీ నేదు."

"ఎవరూ నమ్మలేదా?"

"ఎలగ నమ్ముతారు? ఇమానం ఆగినంతసేపూ నువ్వేటి సేస్తన్నావు, అప్పుడే కేకెయ్యొచ్చు కదా అంటే మాటాడదు. నోరు కట్టేసినట్టు నిలబడిపోద్ది. అబద్దమనేసినారు. ఆ నాటి నుంచి ఇమానం సూరమ్మే. పెల్లైనా, మనవలు పుట్టినా అదే పేరు. మా ఊర్లో ఎవులైనా కోతలు కోస్తే, నీకూ ఇమానం దిగినాదేటి అంటారు."

"మరి మీరు నమ్మారా?"

ఆయన చీరముక్క మీద ఇసుక పోసి జల్లించడం మొదలుపెట్టారు. "అప్పకి ఒక కన్ను పోనాది. రెండోది ఆట్టే కాలం ఉండదని డాట్రు సెప్పినాడు. అది ఉండగానే ఒక్కసారి, ఇదేరా తమ్ముడా అనిపించాలని," అన్నారు.

అంటే గోడ మీది ఫొటోలన్నీ ఆ ఒక్క మాట కోసమన్నమాట. సూరమ్మ మాత్రం ఏ ఫొటో చూసినా కాదనే అంటోందట.

తర్వాతి ఆదివారం కొత్త ఫొటో తీసుకుని బయల్దేరితే నేనూ వెంటపడ్డాను. సూరమ్మ వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తోంది. బక్కపల్చటి మనిషి, గట్టి గొంతు. ఫొటో అందుకుని, బాగున్న కంటికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

"బాగున్నాది తమ్ముడా. కానీ ఇది కాదు."

"ఏటి తేడా అప్పా? రంగా? సక్రాలా?"

"అన్నీ అయ్యే. ఇది సిన్నది."

ఆ మాట ప్రతిసారీ అంటుందట. అందుకని ఈయన ప్రతిసారీ ఫొటోని ఇంకాస్త పెద్దదిగా వేయించి తెస్తున్నారు. ఆ రోజు తెచ్చింది కేలండరంత ఉంది. ఇంకోసారైతే తలుపంత అయ్యేది. పాపం, ఆయన మొహం చూడలేకపోయాను. పడవల దగ్గర ఎవరో పిలిస్తే వెళ్ళారు.

నేను చేపలు తిరగేయడానికి కూర్చుని ఊరికే అడిగాను. "పెద్దమ్మా, అప్పుడు నువ్వెక్కడ నిలబడి చూశావు?"

సూరమ్మ తమ్ముడు వెళ్ళినవైపు చూసింది. ఎవరూ లేరని తేల్చుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"నిలబడతానేటే? మరుగుదొడ్లు నేని రోజుల్లో సీకటుండగా ఆడోల్లు ఒడ్డుకి ఎందుకెల్తారు? పడవ ఎనక కూకున్నాను. అంతలోకి అది ఎదురుగా దిగిపోనాది, ఆ సెట్టంత దూరంలో. లెగిస్తే ఆయనకి కనపడిపోనా? అది ఎల్లినవరకూ అలగే కూకుండిపోనాను."

"ఆ సంగతి చెప్పొచ్చు కదా, ఎందుకు కేక వెయ్యలేదని అడిగినప్పుడు?"

"ఊరి మగోల్లందరి ముందరా? అమ్మకి సెప్పినాను. నోర్ముయ్యమన్నాది. మూసినాను."

చేతిలోని చేప చేతిలోనే ఉండిపోయింది. నవ్వొచ్చింది, వెంటనే నవ్వలేకపోయాను. జీవితమంతా మోసిన అబద్ధాలకోరు పేరు వెనక ఉన్నది ఇదా? పడవ చాటున కదలకుండా కూర్చున్న చిన్నపిల్ల సిగ్గా? తమ్ముడు మనసు పెట్టి అన్నీ అడిగాడు, రంగు అడిగాడు, చక్రాలు అడిగాడు. ఇది అడగడం ఆయనకు తోచలేదు. తోచినా అడగలేడు, అడిగినా ఆమె చెప్పదు.

ఆయన తిరిగొచ్చాక నేను వివరాల జోలికి పోలేదు. ఆయన జేబులోని అగ్గిపెట్టె తీసుకుని, ఒక పుల్లని సగానికి కాస్త కిందికే విరిచి చూపించాను. "ఇంత ఎత్తు నుంచి తియ్యాలండీ. కూర్చుని చూసిందట, పడవ చాటు నుంచి."

"కూకోనా? ఎందుకు?" అన్నారు. అంతలోనే ఆగిపోయారు. ఒడ్డు వైపు చూశారు. సముద్రపు ఒడ్డున పుట్టిన మనిషికి అంతకంటే చెప్పక్కర్లేదు. "ఇన్నేళ్ళూ మా అప్పని నిలబెట్టేసినానే," అన్నారు.

మళ్ళీ ఆదివారం తెల్లవారుతూనే ఆ ఒడ్డునే రెండు స్టూళ్ళ మీద పలక వేసి, జల్లించిన ఇసుక పరిచి, విమానాన్ని నిలబెట్టాం. ఆయన పెద్ద కెమెరా అంత కిందికి దిగనంది. ఎలా పెట్టినా లెన్సు విరిగిన పుల్ల కంటే పైనే ఉంటోంది. నేను నా ఫోను తీసి తలకిందులుగా తిప్పి పలక మీద ఆనించాను. అప్పుడు దాని లెన్సు ఇసుకని దాదాపు తాకుతుంది.

"ఫోనుతోనేటే ఫొటో?" అని విసుక్కున్నారు. తర్వాత మోకాళ్ళ మీద కూలబడి తెరలోకి చూశారు.

నేనూ వంగి చూశాను. అంతకు ముందు ఫొటోల్లో సముద్రపు గీత విమానం నడుము మీదుగా పోయేది. ఇప్పుడు ఆ గీత చక్రాల దగ్గరికి దిగిపోయింది. రెండు రెక్కలూ ముక్కూ తోకా మొత్తం ఆకాశంలోకి లేచాయి. అప్పుడే పొడుస్తున్న ఎండ కింది రెక్క అడుగున పడి మెరుస్తోంది. నాకు తల పైకెత్తాలనిపించింది, జానెడు బొమ్మ ముందు. భయం కూడా వేసింది. అరవడానికి వీల్లేక, లేవడానికి వీల్లేక దీని ఎదురుగా ఆ పిల్ల ఒక్కతే ఎలా కూర్చుందో అనుకున్నాను.

ఈసారి ఫొటో అరచేతిలో పట్టేంత చిన్నదే వేయించారు. సూరమ్మ అందుకుని చూసి, ఉన్నచోటే గొంతుక్కూర్చుంది. భుజాలు దగ్గరికి ముడుచుకుని తల కొంచెం దించింది, ఏదో పడవ చాటుకి జరిగినట్టు.

"ఆయనింకా దిగనేదు," అంది మెల్లగా.

దానయ్యగారు గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నారు. నేనైతే అక్కడే ఏడ్చేశాను.

ఇంతలో ఇరుగుపొరుగు మూగారు. సూరమ్మ ఈడు ముసలాయన ఒకరు ఫొటో లాక్కుని చూసి నోరు తెరిచారు. "మన ఒడ్డే ఇది. అయితే నిజఁవే దిగినాదేటి? ఎవులు తీసినారప్పుడు ఈ ఫొటో?"

దానయ్యగారు నా వైపు చూశారు. నేను నేల చూశాను. మేమిద్దరం ఊరుకుంటే చాలు, అంతమంది ఎదుట ఆమె గెలిచినట్టే. ఊరుకుందామనే అనుకున్నాం, ఆ సంగతి ఆయన కళ్ళలో కనబడింది.

"అప్పుడు తీసింది కాదు," అంది సూరమ్మ. "కర్ర బొమ్మ. మా తమ్ముడు సెక్కినాడు. మొన్న ఆదివారం పలక మీద పెట్టి తీసినారు. నాను సూసింది దీన్ని కాదు. నాను సూసింది నిజం ఇమానం."

ముసలాయన నవ్వారు. "అయితే మల్లీ ఇమానం సూరమ్మవేనన్నమాట."

"అవును మావా, ఇమానం సూరమ్మనే. ఆ ఫొటో ఇలగియ్యి," అని తీసుకుని జాకెట్లో దాచుకుంది.

తిరుగు బస్సులో దానయ్యగారు కిటికీ పక్కన కూర్చున్నారు. చాలా దూరం వచ్చాక, అడక్కుండానే అన్నారు.

"నమ్మినారా అని అడిగినావు కదే ఆనాడు."

"అడిగాను."

"నమ్మనేదు. అప్పంటే పేనం, అందుకని సేసినాను గానీ, నమ్మలేకపోనాను. ఇయ్యాల నమ్మినాను."

ఆయన పోయి కొంతకాలమైంది. సూరమ్మకి ఇప్పుడు చూపు లేదు. ఎప్పుడైనా వెళ్తే ఫొటో తీసి నా చేతికిచ్చి, ఎండ ఎక్కడ పడుతోందో చెప్పమంటుంది. కింది రెక్క అడుగున పెద్దమ్మా అంటాను. అవునంటుంది. నేను పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ ఫొటోలు తీస్తూనే ఉన్నాను, నా పనితనం గురించి గొప్పలు చెప్పుకునేంత లేదు. ఆ విరిగిన అగ్గిపుల్ల మాత్రం కెమెరా సంచిలో చిన్న డబ్బాలో ఉంది. నమ్మశక్యం కాని మాట ఎవరైనా చెప్తే ఇదివరకు నవ్వేదాన్ని. ఇప్పుడు, అప్పుడు నువ్వెక్కడ కూర్చున్నావని అడుగుతాను. చెప్తే వెళ్ళి అక్కడ కూర్చుంటాను.